జామాయిల్ తోటలో గొర్రెలతో కలుపు తీయించడం: మందని తోలే ముందు నుంచి బయటికి తీసేదాకా

తోటలోకి గొర్రెలు తోలుతున్నావంట కదా, చెట్లు తినేయవా, ఎన్ని తోలాలి, ఎప్పుడు తోలాలి అని చాలామంది అడుగుతున్నారు, ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకన్నా అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది. మాది ప్రకాశం జిల్లా, ఎర్ర చెలక నేల, 12 ఎకరాల జామాయిల్, 3 మీటర్ల సాళ్ళు, సాల్లో 2 మీటర్లకి ఒక చెట్టు, అంటే ఎకరాకి 670 చెట్ల దాకా వస్తాయి. నేను చెప్పేదంతా ఈ లెక్క మీదే. మీ తోట వేరే రకమైతే 1వ మెట్టు రెండుసార్లు చదవండి, ఎందుకంటే నష్టపోయినవాళ్ళలో సగం మంది అక్కడే తప్పు చేశారు.

ఒక్క ముక్క మొదట్లోనే చెప్పేస్తా. మందని లోపలికి తోలడం ఎవరైనా చేస్తారు. సరైన పూట బయటికి తీయడమే అసలు పని, 8వ మెట్టు దాని కోసమే.

1. ముందు మీ చెట్టు సంగతి తేల్చుకోండి

చెట్టు ఎత్తు, చెట్టు రకం, ఈ రెండూ చూడాలి.

ఎత్తు: నెల్లూరు జాతి గొర్రె పొడుగు, మెడ చాస్తే మన నడుం దాటి అందుకుంటది. అందుకే చెట్టు కొస 2 మీటర్లు దాటేదాకా నేను మందని రానివ్వను. బాగా పెరిగే క్లోన్ మొక్కైతే 8 నెలల నుంచి ఏడాదిలో ఆ ఎత్తు దాటేస్తుంది, బెట్టకి వెనకబడిన బిట్ అయితే ఇంకా టైమ్ పడుతుంది. వయసు లెక్కేసుకోకండి, కర్ర పట్టుకెళ్ళి కొలవండి.

రకం: జామాయిల్ ఆకులో నూనె ఘాటు ఉంటది కాబట్టి కడుపు నిండిన గొర్రె దాని జోలికి పోదు. టేకు ఆకు కూడా పెద్దగా ముట్టవు. సుబాబుల్ మాత్రం వాటికి బిర్యానీ లాంటిది, చిన్న మొక్కల తోటలోకి తోలితే సాయంత్రానికి పుల్లలే మిగుల్తాయి. మలబారు వేప, శ్రీగంధం కూడా తింటాయి. సరుగుడు లేత కొసలు కొరుకుతాయి. మామిడి తోటైతే కింద కొమ్మల సంగతి చూసుకోవాలి, ఇంకా మందుల సంగతి కూడా, అది 5లో చెప్తా.

మొదటి ఏడాది కలుపు గొర్రెలతో అవ్వదు, దానికి మనుషులు, గుంటక, రోటావేటరే. ఇక్కడ షార్ట్‌కట్ లేదు.

ఇంకోటి, ఇదంతా సొంత పట్టా భూమిలో తోట సంగతి. అటవీ శాఖ ప్లాంటేషన్ అయినా, వన సంరక్షణ సమితి చూసే అడవైనా పర్మిషన్ లేకుండా ఒక్క జీవాన్ని కూడా తోలకండి, కొత్తగా మొక్కలు వేసిన చోట మేత మూసేస్తారు, కేసవుతుంది. అటవీ శాఖ వాళ్ళని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

2. కలుపుని మూడు కుప్పలుగా చూడండి

తోటంతా ఒకసారి నడవండి, పొద్దున్నే, ఒక్కరే, ఫోన్ జేబులో పెట్టేసి. కలుపు మూడు రకాలుగా కనపడాలి.

తినేవి: గరిక, లేత గడ్డి, గడ్డిచామంతి, తీగలు, ఆకు కలుపు చాలావరకు. ఇది సగం కన్నా ఎక్కువ ఉంటేనే మంద పిలవడం దండగ కాదు.

తిననివి: తంగేడు, ముదిరిన దర్భ, జిల్లేడు. దర్భని ముందు కొడవలితోనో బ్రష్ కట్టర్‌తోనో కొట్టిస్తే పదిహేను ఇరవై రోజులకి లేత పిలక వస్తుంది, దాన్ని మాత్రం తింటాయి.

తినకూడనివి: గన్నేరు (కొంచెం ఆకైనా చాలు, ప్రాణం పోద్ది), లాంటానా కంప (కాలేయం దెబ్బతిని ఎండకి మూతి, చెవుల తోలు ఊడిపోద్ది), లొట్టపీసు, ఉమ్మెత్త, ఆముదం, కసింద. మామూలుగా గొర్రె వీటిని వాసన చూసి వదిలేస్తుంది, కానీ ఆకలిగా ఉన్నా, తెలియని ఊరి నుంచి వచ్చిన మందైనా నోరు పెడుతుంది. గట్ల మీద గన్నేరు ఉంటే ముందు రోజే నరికి దూరంగా పారేయండి, వాడిపోయిన ఆకు కూడా విషమే కాబట్టి అక్కడే వదిలేయొద్దు. పక్క చేలో లేత జొన్న, కోసిన జొన్న పిలకలు ఉంటే ఆ వైపు వెళ్ళకుండా చూడాలి, నాము (లేత జొన్నలో ఉండే సైనైడ్ విషం) తగులుద్ది.

వయ్యారిభామని గొర్రెలకి వదలకండి, పూత రాకముందే చేతికి గ్లౌజులేసుకుని పీకించడమే.

3. ఎన్ని గొర్రెలు, ఎన్ని రోజులు: కొలిచి లెక్క కట్టండి

"ఎకరాకి ఎన్ని తోలాలి" అని అడిగితే నా దగ్గర ఒకే నంబర్ లేదు, గడ్డిని బట్టి మారుతుంది. ఇలా చేయండి.

నాలుగు పీవీసీ పైపు ముక్కలతో మీటరు పొడవు మీటరు వెడల్పు చతురస్రం కట్టుకోండి. ఎకరంలో ఐదు చోట్ల కళ్ళు మూసుకుని విసిరినట్టు వేయండి, గడ్డి బాగున్న చోటే ఏరుకోవద్దు. లోపల ఉన్న తినే కలుపు మాత్రమే కోసి కాటా వేయండి. ఐదింటి సగటు 600 గ్రాములు వచ్చిందనుకుందాం. ఎకరం అంటే సుమారు 4000 చదరపు మీటర్లు, అంటే 2400 కేజీల పచ్చి మేత. అందులో సగమే మన లెక్క, మిగతా సగం తొక్కుడుకి, నేల మీద ఉంచాల్సిన పొరకి పోద్ది. 1200 కేజీలు. 30-35 కేజీల గొర్రె రోజుకి 4-5 కేజీల పచ్చి గడ్డి తింటది, నాలుగున్నర వేసుకుంటే 260 పైచిలుకు గొర్రెలకి ఒక రోజు మేత. అంటే 130 గొర్రెలకి ఎకరం 2 రోజుల మేత.

అదే 130 గొర్రెలతో 12 ఎకరాలు చేయాలంటే 24 రోజులు. ఇక్కడే మొదటి ఏడాది నేను బోల్తా పడ్డా, చివరి బిట్‌కి వచ్చేసరికి గడ్డి ముదిరి విత్తనం కట్టేసింది, గొర్రెలు పైపైన కొరికి వదిలేశాయి. మర్సటేడు అన్నదమ్ముల రెండు మందలు కలిపి 260 దాకా తోలించా, 12 రోజుల్లో అయిపోయింది. తక్కువ గొర్రెలతో ఎక్కువ రోజులైతే అవి నచ్చింది ఏరుకుని తింటాయి, నచ్చని కలుపు పొలం ఆక్రమిస్తుంది. ఎక్కువ గొర్రెలు తక్కువ రోజులే మేలు.

4. మందని ఎంచుకోవడం, కాపరితో మాట

పది గొర్రెలు కొనుక్కుని మేపుదాం అనుకునేవాళ్ళకి ఈ పద్ధతి కుదరదు. మన ఊళ్ళ మీదుగా తిరిగే మందలే దీనికి సరైనవి, పొలాల్లో ఎరువు కోసం మంద కట్టించడం మనకి కొత్త కాదు కదా, ఇది దాని తమ్ముడు లాంటిదే.

మంద చూడ్డానికి వెళ్ళినప్పుడు జీవాల కాళ్ళు చూడండి, కుంటేవి ఎక్కువుంటే వద్దు. వెనక భాగం పారుడుతో తడిసి ఉంటే వద్దు. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు కాబట్టి ఉత్తరేణి గింజలు, ముళ్ళ గింజలు ఎక్కువ పట్టుకోవు, దక్కనీ గొర్రెకి ఉన్ని ఉంటది కాబట్టి అలాంటి కలుపున్న తోటలో దాని ఒంటి మీదే విత్తనం ఊరంతా తిరుగుతుంది.

మందలో మేకలు ఉంటే మాత్రం మొహమాటపడకుండా చెప్పేయండి, బయటే ఉంచమని. ప్రతి మందలో నాలుగైదు ఉంటాయి, "అవి ఏం చెయ్యవులే" అంటారు. మేక వెనక కాళ్ళ మీద నిలబడి చెట్టుని వంచి మరీ తింటది, బెరడు ఒలుస్తుంది.

ముందే తేల్చుకోవాల్సినవి:

- ఎన్ని జీవాలు, ఎన్ని రోజులు, ఏ బిట్ తర్వాత ఏది
- నీళ్ళు ఎవరివి (ఒక్కో గొర్రెకి రోజుకి 3-5 లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ)
- రాత్రి మంద ఎక్కడ కట్టాలి, వల ఎవరిది
- డబ్బులు ఎవరు ఎవరికి ఇవ్వాలి (ఊరికో తీరు, మేతకి వాళ్ళు ఇచ్చేదీ ఉంది, ఎరువుకి మనం ఇచ్చేదీ ఉంది)
- చెట్టు దెబ్బతింటే ఏంటి, జీవం చస్తే ఏంటి
- "ఇవాళ తీసేయ్" అని నేనంటే ఆ రోజే తీసేయాలి

చివరిది లేకుండా ఒప్పందం చేసుకోకండి.

టీకాలు కూడా అడగండి. చిటుక రోగం టీకా వానలకి ముందు పడాలి, లేత గడ్డి ఒక్కసారిగా తిన్నప్పుడు అదే కొడుతుంది, సాయంత్రం బాగున్న గొర్రె తెల్లారేసరికి ఉండదు. పారుడు రోగం టీకా, నట్టల (కడుపులో పురుగుల) మందు సంగతి కూడా కనుక్కోండి. మీకు సొంత జీవాలుంటే బయటి మందతో కలవనివ్వకండి.

5. తోటని సిద్ధం చేయడం

ఇది తోలే ముందు రోజు చూసుకునే లిస్ట్, నేను కాగితం మీద రాసి టిక్కులు పెట్టుకుంటా:

- యూరియా, డీఏపీ సంచులు, ఖాళీవైనా సరే, షెడ్డులో పెట్టి తాళం
- ఎరువు కలిపే డ్రమ్ము, బకెట్లు బోర్లించడం
- చెదలకి వేసిన గుళికలు, మందు డబ్బాలు ఎక్కడా లేవని చూడడం
- గడ్డి మందు కొట్టిన బిట్ ఉంటే దాన్ని వదిలేయడం (డబ్బా మీద గడువు రాసి ఉంటుంది, నేనైతే ఆ సీజన్లో ఆ బిట్‌కి అసలు తోలను)
- డ్రిప్ లేటరల్ పైపులు పైకి చుట్టి కట్టడం
- నీళ్ళ తొట్టి కడిగి నింపడం
- గన్నేరు, లాంటానా తీసేయడం
- బావికి, గుంతకి అడ్డం కట్టడం

యూరియా సంగతి ఎందుకు మొదట పెట్టానంటే, మొదటి ఏడాది డ్రిప్‌కి యూరియా కలిపిన డ్రమ్ములో అడుగున రెండు మూడు బిందెల నీళ్ళు మిగిలిపోయాయి, నేను చూసుకోలేదు. మధ్యాహ్నం దాహం మీదున్న గొర్రెలు డ్రమ్ముని తోసేసి తాగాయి. పావుగంటలో మూడు కింద పడి కాళ్ళు కొట్టుకుంటూ, నోట్లోంచి నురగ, పొట్ట డోలులా ఉబ్బిపోయి. డాక్టరుకి ఫోన్ చేసి ఆయన చెప్పినట్టు వెనిగర్‌ని చల్లటి నీళ్ళలో కలిపి తాగించాం, ఒకటి బతికింది, రెండు పోయాయి. కాపరి బాబాయ్ ఒక్క మాట అనలేదు, కూర్చుని వాటి తల మీద చెయ్యేసి ఉండిపోయాడు. ఆ రెంటికీ డబ్బు కట్టిచ్చా, కానీ ఆ పూట ఇప్పటికీ మర్చిపోలేను. పశువుల అంబులెన్స్ నంబర్ 1962, ఫోన్లో సేవ్ చేసుకుని పెట్టుకోండి.

మామిడి, బత్తాయి తోటల వాళ్ళకి ఇంకో హెచ్చరిక: రాగి మందులు, అంటే బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టిన తోటలో గొర్రెల్ని మేపొద్దు. గొర్రె రాగిని తట్టుకోలేదు, కాలేయంలో పేరుకుపోయి ఉన్నట్టుండి చస్తుంది. పశువుల మినరల్ మిక్చర్ గొర్రెలకి పెట్టకూడదనేది కూడా ఇందుకే, గొర్రెలకని విడిగా దొరికేదే పెట్టాలి.

6. ఎప్పుడు తోలాలి

గడ్డి జానెడు నుంచి మోకాలి మధ్య ఉన్నప్పుడు, పూతకి రాకముందు. మా వైపు ఆగస్టు చివర ఒకసారి, ఈశాన్య రుతుపవనం వానలయ్యాక డిసెంబరులో ఒకసారి. తెలంగాణ వైపైతే జూలై చివర, మళ్ళీ సెప్టెంబరు చివర కుదురుతుంది. వరి కోతలయ్యాక మందలు మాగాణుల వైపు వెళ్ళిపోతాయి కాబట్టి డిసెంబరు మంద కోసం దసరాకే మాట్లాడుకోవాలి.

మూడోది ఫిబ్రవరిలో, ఇది కలుపు కోసం కాదు, నిప్పు కోసం. తోట చుట్టూ 5 మీటర్ల పట్టీలో ఎండు గడ్డిని గట్టిగా మేపిస్తే ఎండాకాలం ఎవరో బీడీ పారేసినా మంట లోపలికి రాకుండా ఆపడం తేలిక. ఎండిన జామాయిల్ ఆకు మాత్రం గొర్రెలు తినవు, దాన్ని ఊడ్పించాల్సిందే.

వాన పడ్డ మర్నాడు నల్లరేగడిలోకి తోలకండి, గిట్టలకి నేల గట్టిపడిపోద్ది. ఎర్ర నేలకి ఒక రోజు ఆగితే చాలు.

చెట్టు కొత్త చిగురు వేసే రోజుల్లో కూడా జాగ్రత్త. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అడవుల్లో గొర్రెలతో ఇదే పని చేయించినప్పుడు కూడా స్ప్రూస్ (చలి దేశాల్లో పెరిగే సూదుల్లాంటి ఆకుల చెట్టు) మొక్కల లేత చిగురు గట్టిపడేదాకా మందని ఆపేవాళ్ళు. దేశం ఏదైనా లేత చిగురు లేత చిగురే.

7. తోలే రోజు: వరసగా

ముందు రెండు మూడు రోజులు మందని తోట బయట ఉంచండి. ఎక్కడెక్కడో తిని వచ్చిన విత్తనాలు పేడలో అక్కడే పడిపోవాలి. ముఖ్యంగా సర్కారు తుమ్మ కాయలు తిని వచ్చిన మంద అయితే ఈ పని తప్పదు, లేకపోతే మనమే డబ్బులిచ్చి తోటలో సర్కారు తుమ్మ నాటించుకున్నట్టు.

మొదటి రోజు ఆకలి కడుపుతో లోపలికి రానివ్వద్దు. పొద్దున కొంచెం ఎండు మేత, అంటే వేరుశనగ కట్టో వరిగడ్డో తిన్నాక తోలాలి. ఆకలి మీద లేత పచ్చికలో పడితే పొట్ట ఉబ్బుతుంది, పైగా ఆకలిగొర్రె చెట్టు ఏది గడ్డి ఏది అని చూడదు.

మంచు ఆరాక, తొమ్మిదింటి ప్రాంతంలో వదలండి. తడి గడ్డి మీద నట్టల పిల్లలు పైకెక్కి ఉంటాయి.

ఇద్దరు కాపర్లు కావాలి. ఒకరు ముందు, ఒకరు వెనక. ముందున్న మనిషి పని మందని ఆపడం, లేకపోతే అవి నడుస్తూ కొసలు కొరుక్కుంటూ వెళ్ళిపోతాయి. సాళ్ళ వెంబడి మెల్లగా, ఒక బిట్ అయ్యాకే ఇంకోటి.

పన్నెండింటికి నీళ్ళు, నీడ, నెమరు. ఈ పడక స్థలం రోజూ మార్చండి, ఒకే చోటైతే అక్కడి చెట్లకి ఒళ్ళు రుద్ది బెరడు లేపేస్తాయి. మళ్ళీ మూడింటి నుంచి పొద్దు గూకేదాకా.

రాత్రి వల కట్టి మంద పెట్టేది కూడా రోజుకో చోట, చెట్లు బలహీనంగా ఉన్న బిట్లలో పెడితే ఎరువు అక్కడికే చేరుతుంది. ఊర కుక్కలకి కాపలా ఉండాలి, నల్లమల అంచున ఉన్నవాళ్ళు చిరుత సంగతి కూడా చూసుకోవాలి.

8. బయటికి తీయడం

రోజుకి రెండుసార్లు, పదకొండింటికి, ఐదింటికి, ఈ మూడు చూడండి.

గడ్డి ఎత్తు: బెత్తెడుకి వచ్చిందంటే చాలు. అంతకన్నా కిందికి మేపితే నేల బయటపడి వానకి కొట్టుకుపోద్ది, నట్టలు కూడా ఆ అడుగు భాగంలోనే ఎక్కువుంటాయి.

డొక్క: గొర్రె ఎడమ డొక్క చూడండి, మేత సంచి అటే ఉంటది. సాయంత్రానికి అది నిండుగా ఉబికి ఉండాలి. లోపలికి గుంట పడి ఉంటే దానికి కడుపు నిండలేదు, రేపు చెట్టు తింటది.

తలకాయ: దీన్ని మా కాపరి బాబాయ్ నేర్పించాడు. ఒకరోజు నాలుగింటికి నేను ఇంకో పూట ఉంచుదామంటే ఆయన కర్ర చూపించి, "అబ్బాయ్, తలకాయలు చూడు. కిందుంటే గడ్డి ఉన్నట్టు. పైకెత్తినయ్యంటే అయిపోయినట్టు, ఇంక తోలెయ్యాల" అన్నాడు. చూస్తే నిజమే, పదిహేను ఇరవై గొర్రెలు తలలెత్తి కింది కొమ్మల వైపు చూస్తున్నాయి, ఒకటి అప్పుడే ఒక ఆకు నోట్లో పెట్టుకుని నమిలి ఉమ్మేసింది. ఉమ్మేసిందిలే అని ఊరుకోకూడదు, రెండో ఆకు మింగేస్తుంది, దాన్ని చూసి పక్కది నేర్చుకుంటది.

మీరు కాగితం మీద వేసుకున్న లెక్క రెండు రోజులని చెప్పినా, తలకాయలు ఒకటిన్నర రోజుకే లేస్తే తలకాయల మాటే వినండి.

తీసేశాక వంద చెట్లు వరసగా లెక్కపెట్టండి. కొరికిన గుర్తు, బెరడు గీత ఐదు కన్నా ఎక్కువ చెట్లకి ఉంటే తర్వాతి బిట్‌లో సగం పూట తగ్గిస్తా, ఇది నేను పెట్టుకున్న లెక్క.

9. తర్వాతి వారంలో చేయాల్సింది

చాలామంది మంద వెళ్ళిపోగానే పని అయిపోయిందనుకుంటారు. గొర్రెలు తినే కలుపుని తీసేశాయంటే తిననివాటికి ఎండ, నీళ్ళు, ఎరువు అన్నీ ఫ్రీగా దొరికినట్టు. అందుకే వారంలోపు ఇద్దరు మనుషుల్ని పెట్టి తంగేడు, జిల్లేడు, లాంటానా వేళ్ళతో సహా తవ్వించండి, గడ్డి లేదు కాబట్టి అన్నీ కళ్ళకి కనపడతాయి, పని సగం రోజుల్లో అవుతుంది.

చెట్టు మొదట్లో మీటరు వలయం గొర్రెలు సరిగ్గా తినవు, అక్కడి గడ్డే చెట్టుతో నీళ్ళకి ఎక్కువ పోటీ పడేది. పాదు మనమే చెక్కించాలి.

అదే బిట్‌కి మందని కనీసం నెలన్నర దాకా మళ్ళీ తేవద్దు, గడ్డికీ టైమ్ కావాలి, నట్టల బెడదా తగ్గాలి.

10. ఇలా అయితే ఇలా చేయండి

బెరడు కొరుకుతున్నాయి: ఉప్పు, పీచు తక్కువైనట్టు. రాత్రి మందలో ఉప్పు గడ్డ, కొంచెం ఎండు మేత పెట్టండి. అయినా ఒకటి రెండు ఆపకపోతే ఆ రెంటినీ విడదీసి బయట ఉంచండి, మందకి నేర్పేది అవే.

ఎడమ డొక్క ఉబ్బి ఊపిరి ఆడట్లేదు: మేత ఆపి, ముందు కాళ్ళు ఎత్తుగా ఉండేలా నిలబెట్టి డాక్టర్‌ని పిలవండి. సొంతంగా పొడవడాలు, పొయ్యడాలు వద్దు.

కుంటుతున్నాయి: పల్లేరు ముల్లేమో గిట్టల మధ్య చూడండి. పుండు, వాసన ఉంటే అది తడి నేల వల్ల వచ్చేది, మెరక బిట్‌కి మార్చి వైద్యం చేయించాలి.

ఒక వైపు నున్నగా, ఒక వైపు అలాగే ఉంది: బిట్ పెద్దదైంది. వలతో సగానికి అడ్డం కట్టండి.

11. చెట్లు కోసే ఏడాది

కోతకి నెల ముందు ఒకసారి మేపిస్తే కూలీలకి నడవడానికి, కర్ర లాగడానికి దారి బాగుంటుంది, పాములు కూడా కనపడతాయి. కోత అయ్యాక మోడుల నుంచి పిలకలు వస్తాయి, అవే మన తర్వాతి పంట, అవి లేతగా ఉన్నప్పుడు జామాయిలే అయినా గొర్రె కొరుకుతుంది, తొక్కితే మోడు దగ్గర ఊడిపోతుంది. మోడుకి రెండు మంచి పిలకలు ఉంచి మిగతావి తీసేసి, ఆ రెండూ 2 మీటర్లు దాటేదాకా గేటుకి తాళం వేసి ఉంచండి. ఊళ్ళో వాళ్ళ జీవాలు కూడా ఆ టైమ్‌లోనే కంచె దూరి వస్తాయి, కోసిన మర్నాడే చుట్టూ ఒక రౌండ్ తిరిగి కంచెలో ఖాళీలు కంపతో మూయించండి.